లూపా, ప్రీయాంపా? బెజవాడ డాబా మీద ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. హ్యామ్ లైసెన్స్ (సరదాగా రేడియోలో మాట్లాడుకునే అనుమతి) కొత్తగా వచ్చింది. "అన్నా, 40 మీటర్లలో ఎస్ 8 నాయిస్. ఎవరూ వినపడి చావట్లేదు. మంచి ప్రీయాంప్ ఏదైనా ఉంటే చెప్పు, తెప్పించుకుంటా" అన్నాడు. 40 మీటర్లంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గరి బ్యాండు. ఎస్ అంటే సెట్ మీటరు మీద సిగ్నల్ బలం చూపే అంకె, 8 అంటే గట్టి హోరే. ప్రీయాంప్ అంటే సెట్‌కి ముందు సిగ్నల్‌ని పెంచే చిన్న ఆంప్లిఫయర్. "ముందు సెట్ వెనకాల యాంటెన్నా కేబుల్ పీకి చూడు" అన్నాను. పీకాడు. మీటరు సున్నాకి పడిపోయింది. "అయితే ఆ డబ్బు దాచుకో" అన్నాను.

కేబుల్ పీకగానే హోరు తగ్గిందంటే, సెట్ తన సొంత చప్పుడు కంటే బయటి చప్పుడే ఎక్కువ వింటోందని అర్థం. అలాంటప్పుడు ప్రీయాంప్ పెడితే సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా అంతే పెరుగుతుంది. రాళ్లున్న బియ్యాన్ని పెద్ద గిన్నెలోకి మార్చినంత మాత్రాన రాళ్లు పోవు కదా, జల్లెడ కావాలి. మన దగ్గర రాళ్లంటే ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు డ్రైవు, పక్క డాబా మీది సోలార్ కన్వర్టరు. మా పటమటలో వీధంతా కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద సెట్ పెడితే ఎస్ 8 కాస్తా ఎస్ 2 అవుతుంది. కరెంటు పోతే సంతోషించేది వీధిలో నేనొక్కణ్నే.

ఆ జల్లెడ పని లూప్, అంటే చక్రంలా చుట్టిన తీగ లేదా గొట్టం యాంటెన్నా, చేస్తుంది. అయితే "లూప్ అయస్కాంత తరంగాన్నే పట్టుకుంటుంది, ఎలక్ట్రికల్ నాయిస్ దానికి వినపడదు" అనే మాట చాలామంది నోట వింటాం. దాన్ని సగం కూడా నమ్మొద్దు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆరేడు మీటర్లు దాటితే నాయిస్ కూడా మామూలు రేడియో తరంగమే. లూప్ అసలు బలం దాని చెవుడు. చక్రం అంచు ఎటు చూస్తే అటు బాగా వింటుంది, ముఖం ఎటు తిప్పితే అటు వినదు. దగ్గరి నుంచి నేల వెంబడి వచ్చే నాయిస్‌ని ఆ చెవుడు 20 డీబీ (డెసిబెల్), అంటే వందో వంతు దాకా తగ్గిస్తుంది. పై నుంచి ఆకాశ మార్గంలో దిగే స్టేషన్లు మాత్రం అంతగా తగ్గవు. కాబట్టి స్టేషన్ కోసం కాదు, నాయిస్ చావడం కోసం తిప్పాలి. మా డాబా మీద లిఫ్టు గదికి చక్రం ముఖం పెట్టి, వేలెడంత అటూ ఇటూ కదిపితే, బరబర ఒక్కసారిగా అణిగి వెనకాల ఎవరిదో సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) బయటికి వస్తుంది. నాయిస్ రెండు దిక్కుల నుంచి వస్తే మాత్రం ఒకదాన్నే నొక్కగలం. లిఫ్టుని నొక్కితే సోలార్ లేస్తుంది.

ఇక ఏ లూప్? బ్రాడ్‌బ్యాండ్ యాక్టివ్ లూప్‌లో తీగ చుట్టు కొసలకి తక్కువ ఇంపెడెన్స్ ఆంప్లిఫయర్ కలిపి ఉంటుంది. మీడియం వేవ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా దేన్నీ ముట్టుకోకుండా వినొచ్చు. షార్ట్‌వేవ్ వినేవాళ్లకి, ఎస్‌డీఆర్ (కంప్యూటర్ సాయంతో పనిచేసే రేడియో) ఉన్నవాళ్లకి ఇదే సుఖం. కానీ లూప్ ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది కాబట్టి ఇక్కడ ప్రీయాంప్ తప్పదు, అది గట్టిది కావాలి. బెజవాడలో ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ నెత్తి మీదే ఉంది. ఆన్‌లైన్‌లో చవగ్గా కొన్న లూప్ ఒకటి పెట్టిన రోజు నాకు 1674లో కూడా ఆకాశవాణి వినపడింది, అంటే రెట్టింపు ఫ్రీక్వెన్సీ. అది గాల్లోంచి వచ్చిందా, నా ఆంప్లిఫయర్‌లో పుట్టిందా అని తేల్చుకోడానికి లూప్‌ని తిప్పాను. 837 మీద 10 డీబీ తగ్గేసరికి 1674 మీద 20 తగ్గింది. నిజంగా గాల్లో ఉన్న సిగ్నల్ అయితే అదీ 10 మాత్రమే తగ్గాలి. దయ్యం మన ఇంట్లోనే ఉంది.

ట్యూన్డ్ లూప్‌లో, అంటే కండెన్సర్‌తో ఒక్క ఫ్రీక్వెన్సీకే కుదిర్చిన లూప్‌లో, ఈ గొడవ లేదు. ఒక మీటరు వ్యాసం, వేలు మందం గొట్టం అయితే ఇండక్టెన్స్ సుమారు 3 మైక్రోహెన్రీలు. 7.1 మెగాహెర్ట్జ్‌కి 170 పికోఫారడ్లు చాలు, పాత వాల్వు రేడియోలోని గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ మార్చడానికి తిప్పేది) సరిపోతుంది. ఏసీ మెకానిక్ దగ్గర మిగిలిన రాగి గొట్టం అడిగితే దొరుకుతుంది. లోపల 20 సెంటీమీటర్ల చిన్న రింగు పెట్టి కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) కలిపితే అయిపోయింది. ట్యూన్ చేసినచోట సిగ్నల్ లేచి నిలబడుతుంది కాబట్టి 40 మీటర్లలో సెట్‌లో ఉన్న ప్రీయాంపే చాలు. కష్టం ఎక్కడంటే 30, 40 కిలోహెర్ట్జ్ జరిగిన ప్రతిసారీ మళ్లీ ట్యూన్ చేయాలి. లూప్ డాబా మీద, మీరు రెండో అంతస్తులో ఉంటే మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు పోతాయి. కింద నుంచే తిప్పే మోటారో, వోల్టేజీతో మారే కండెన్సర్‌లా పనిచేసే వారాక్టర్ డయోడో పెట్టుకోవాల్సిందే. ఒకటే బ్యాండు, ఆకాశవాణి దగ్గర ఇల్లు అనుకుంటే నేను దీనికే ఓటేస్తాను.

పొలం ఉన్నవాళ్ల సంగతి వేరు. తెనాలి వైపు చేలో ఏడున్నర మీటర్ల గడ పాతగలిగితే, 1997లో గ్యారీ బ్రీడ్ రాసిన కే9ఏవై (ఆయన హ్యామ్ కాల్‌సైన్) లూప్ 80, 160 మీటర్లకి బంగారం. ఒక దిక్కుకే వింటుంది, రిలేతో దిక్కు మార్చుకోవచ్చు. దానికీ ప్రీయాంప్ కావాలి. అపార్ట్‌మెంట్‌లో ఇది కుదరదు, వదిలేద్దాం.

ఏ లూప్ కొన్నా మొదటి ఖర్చు మాత్రం ఫెరైట్ చోక్ (కేబుల్ తొడుగు మీద పాకే నాయిస్‌ని ఆపేది) మీదే పెట్టండి. మా కేబుల్ లిఫ్టు వైర్ల పక్కనే షాఫ్ట్‌లో దిగుతుంది. ఆ కేబుల్ తొడుగు మీద ఎక్కిన చెత్త లూప్‌ని దాటి నేరుగా సెట్‌లోకి వచ్చేది. మిక్స్ 31 రకం ఫెరైట్ రింగు మీద సన్నని కోయాక్స్ పది పన్నెండు చుట్లు వేసి, లూప్ దగ్గరొకటి, సెట్ దగ్గరొకటి పెట్టాక గానీ చెవుడు దిక్కు కనిపించలేదు. అంతకుముందు ఎటు తిప్పినా ఒకటే హోరు, లూప్‌నే తిట్టుకున్నాను. ఆ యాక్టివ్ లూప్‌కి మొబైల్ చార్జర్‌తో కరెంటు ఇవ్వడం నేను చేసిన ఇంకో ఘనకార్యం. నాయిస్ తగ్గించే యాంటెన్నాకి నాయిస్ పుట్టించే చార్జర్! పాత యూపీఎస్‌లోని 12 వోల్టుల బ్యాటరీ పెట్టాక కుదుటపడింది.

ట్రాన్స్‌మిట్ మాత్రం ఇన్వర్టెడ్ వీ (తలకిందుల వీ ఆకారపు తీగ యాంటెన్నా) మీదే. పక్కనే 100 వాట్లు వెళ్తుంటే లూప్ ప్రీయాంప్‌ని రిలేతో విడదీయకపోతే కాలిపోవచ్చు. సెట్‌కి విడిగా రిసీవ్ సాకెట్ లేకపోతే ఆ రిలే ఏర్పాటు ముందే చూసుకోవాలి. ఎస్ మీటరు చూసి మోసపోవద్దు కూడా. లూప్ మీద స్టేషన్ ఎస్ 4 చూపించి, నాయిస్ ఎస్ 1 దగ్గరుంటే, వీ మీద స్టేషనూ ఎస్ 8, నాయిసూ ఎస్ 8 కావడం కంటే ఎంతో నయం.

తమ్ముడు రెండు ఫెరైట్ రింగులు, ఒక గ్యాంగ్ కండెన్సర్ తెచ్చుకున్నాడట. రాగి గొట్టానికి ఏసీ మెకానిక్‌ని అడిగితే, "ఏసీ లేకుండా గొట్టం దేనికి సార్?" అన్నాడట.