‘సరికొత్త రీమాస్టర్’ స్టిక్కరును నమ్మకండి: ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు కొనేవారికి హెచ్చరిక

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. రెండు నెలల క్రితం ఈ రికార్డును నేనే మెచ్చుకొని, మరో ఇద్దరు మిత్రుల చేత కొనిపించాను.

రాత్రి భోజనాలయ్యాక ఒక జాజ్ రికార్డు పెట్టుకోవడం, విన్నదాని గురించి నలుగురం ఫోనులో అభిప్రాయాలు చెప్పుకోవడం మాకు అలవాటు. అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విన్న ఒక మిత్రుడు, బిల్ ఎవాన్స్ తమ గదిలోనే కూర్చుని పియానో వాయిస్తున్నట్టుందని అన్నారు. ఆ ఒక్క మాటకే హైదరాబాదులోని ఒక దుకాణం నుంచి 2,800 రూపాయలకు తెప్పించుకున్నాను. ఆయన వింటున్నది ఏ ప్రెస్సింగో, అంటే ఎవరు ఎప్పుడు అచ్చు వేసిన ప్రతో, అడగాలని నాకు తోచనే లేదు.

వచ్చినదాని మీద ‘180 గ్రాములు’, ‘సరికొత్త రీమాస్టర్’ (పాత రికార్డింగు ధ్వనిని మళ్లీ సరిచేసి వేసినది) అనే స్టిక్కర్లు ఉన్నాయి. మొదటి వారమంతా బాగానే ఉందనిపించింది. చేతికి బరువు తగిలితే చెవి కూడా కొంత లొంగుతుంది కాబోలు.

అనుమానం శ్రుతి దగ్గర మొదలైంది. మొదటి పాట ‘సో వాట్’ నడిచేది డి డోరియన్‌లో, అంటే మన లెక్కలో 2 శ్రుతికి ఖరహరప్రియ స్వరాలు. నడుమ ఎనిమిది బార్ల (తాళావర్తనాల) పాటు మాత్రం అదే వరస అర మెట్టు పైకి జరుగుతుంది. మా అమ్మాయి సాధనకు వాడే శ్రుతిపెట్టెను 2కు పెట్టి, పక్కనే రికార్డు వేస్తే రెండూ కలవలేదు. రికార్డు కొద్దిగా పైన పలుకుతోంది. టర్న్‌టేబుల్ వేగం తప్పిందేమోనని రెండో వైపు ‘ఆల్ బ్లూస్’ వేసి, పెట్టెను 5కు మార్చి చూస్తే చక్కగా కలిసిపోయింది.

దీని వెనుక పాత కథ ఒకటి ఉంది. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో, కొలంబియా రికార్డు కంపెనీ వారి 30వ వీధి స్టూడియోలో మొదటి వైపు పాటలు మూడూ రికార్డు చేసినప్పుడు మాస్టర్ టేపు (ప్రతులన్నిటికీ మూలమైన అసలు టేపు) యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది కాబట్టి, ఆ టేపును మామూలు వేగంతో నడిపితే శ్రుతి పెరుగుతుంది. ఏప్రిల్ 22న రికార్డు చేసిన రెండో వైపుకు ఈ దోషం లేదు. ఆనాడు సరైన వేగంతో నడిచిన మరో యంత్రం టేపు ఆధారంగా 1992లో కొలంబియా దీనిని సరిదిద్దింది. 1959 నాటి ప్రతిలో ఈ దోషం ఉంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ నా ‘సరికొత్త’ రికార్డు, ఆ సవరణకు ముందటి ఏదో ప్రతి నుంచి ఎత్తిపోసినదన్నమాట.

అప్పుడు గానీ అట్ట వెనక్కి తిప్పి చదవలేదు. అక్కడ కొలంబియా పేరు గానీ, దాని ప్రస్తుత యజమాని సోనీ పేరు గానీ లేదు. యూరప్‌లో తయారైందని, నేను ఎన్నడూ వినని ఒక కంపెనీ పేరూ ఉన్నాయి. దీనిని దొంగ సరుకు అనడానికి కూడా వీల్లేదు. యూరప్‌లో 1963కు ముందు విడుదలైన రికార్డింగులకు 50 ఏళ్ల హక్కు తీరిపోయింది. మన దేశంలో 60 ఏళ్లు కనుక 1959 నాటి ఈ రికార్డుకు 2019తో గడువు ముగిసింది. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అయితే మాస్టర్ టేపు సోనీ దగ్గరే ఉంటుంది కాబట్టి, అనుమతి లేకుండా వేసేవారికి దొరికేది సీడీనో పాత రికార్డో మాత్రమే.

దుకాణం వారు, సీలు విప్పారు గనుక వెనక్కి తీసుకోలేమన్నారు. గీతలేమీ లేవు కదా అని పైగా ఒక ప్రశ్న.

కొనేముందు అట్ట వెనక వైపు ఫొటో పంపమని అడగండి. హక్కుదారు పేరు, ఏ టేపు నుంచి చేశారన్న వివరం లేకపోతే వదిలేయండి. ఎవరైనా, నేనైనా సరే, ఒక రికార్డు అద్భుతమని చెబితే అది ఏ కంపెనీది, ఏ సంవత్సరపు ప్రెస్సింగ్ అని అడిగాకే డబ్బు తీయండి.

నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకరు అదృష్టవశాత్తూ సీలు విప్పలేదు. ఆయన డబ్బు తిరిగి వచ్చింది. రెండో ఆయనా నేనూ ప్రస్తుతం రెండో వైపు మాత్రమే వింటున్నాము.