జాబ్ క్యూ కోసం మేనేజ్డ్ రెడిస్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఆగండి

బుల్‌ఎంక్యూ (పనులను, అంటే జాబ్‌లను, వరుసలో పెట్టి తర్వాత నడిపించే లైబ్రరీ) వెనక పెట్టుకోవడానికి మేనేజ్డ్ రెడిస్ (డేటాను మెమరీలో ఉంచే డేటాబేస్, నడిపేది మాత్రం అమ్మే కంపెనీ) ప్లాన్ వెతుకుతున్నవాళ్లు నాలా ఏడాది డబ్బు ముందే కట్టేసి ఇరుక్కోకండి.

'క్యూలకు అనుకూలం' అని రాసుంటే నమ్మి 1 జీబీ ప్లాన్ తీసుకున్నాను. రెండు నెలలు ఏ గొడవా లేదు. ఆ తర్వాత వారం ముందు షెడ్యూల్ చేసిన రిమైండర్ మెయిళ్లు వెళ్లడం మానేశాయి. ఫెయిలైన జాబ్‌లలో వెతికితే లేవు. వర్కర్ (జాబ్‌లను నడిపే ప్రోగ్రామ్) లాగ్‌లో అక్కడక్కడా 'మిస్సింగ్ కీ' అని తప్ప ఇంకే ఆనవాలూ లేదు. రెండు రోజులు నా కోడ్‌నే తిట్టుకున్నా. చివరికి ఇన్ఫో కమాండ్ కొడితే ఎవిక్టెడ్_కీస్ (మెమరీ చాలక రెడిస్ తానే చెరిపేసిన కీలు, అంటే ఎంట్రీల లెక్క) వేలల్లో కనిపించింది.

సంగతేంటంటే, ప్లాన్ అమ్మినవాళ్లు మాక్స్‌మెమరీ-పాలసీని (మెమరీ నిండితే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) ఆల్‌కీస్-ఎల్‌ఆర్‌యూలో పెట్టారు. క్యాష్‌కి అది బంగారం. మెమరీ నిండగానే చాలాసేపుగా ఎవరూ ముట్టని కీలను చెరిపేస్తుంది. మరి క్యూలో ఎవరూ ముట్టనివి ఏవి? వచ్చే వారం నడవాల్సిన జాబ్‌లే! బుల్‌ఎంక్యూకి నోఎవిక్షన్ (ఏ కీనీ చెరపొద్దు అనే పాలసీ) ఉండాలి. మొదలయ్యేటప్పుడు ఆ హెచ్చరిక లాగ్‌లో పడుతూనే ఉంది, నేనే చూడలేదు.

సరే మార్చుకుందామంటే కాన్ఫిగ్ సెట్ (సెట్టింగులు మార్చే కమాండ్) బంద్. పై ప్లాన్‌కి మారితేనే మారుస్తామన్నారు. రీఫండ్ మాటెత్తితే నిబంధనలు చూపించారు.

మెమరీ నిండడంలో తప్పు నాదే. రిమూవ్‌ఆన్‌కంప్లీట్ (అయిపోయిన జాబ్‌లను తీసేసే ఆప్షన్) పెట్టకపోతే అయిపోయిన జాబ్‌లన్నీ రెడిస్‌లోనే పడి ఉంటాయి. పైగా ఒక్కో జాబ్‌లో పీడీఎఫ్ మొత్తం కుక్కాను (నవ్వకండి). ఇప్పుడు ఫైలు వేరే చోట, జాబ్‌లో దాని ఐడీ మాత్రమే. అయిపోయినవి చివరి 1000 ఉంచుతున్నా. నోఎవిక్షన్‌లోనూ మెమరీ నిండితే కొత్త జాబ్ చేరదు. కాకపోతే ఎర్రర్ మొహం మీదే వస్తుంది, ఉన్నవి మాయమవవు.

కనెక్షన్ల పరిమితి కూడా అడగండి. ప్రతి వర్కర్‌కీ బ్లాకింగ్ కనెక్షన్ (కొత్త జాబ్ కోసం ఎదురుచూస్తూ ఉండేది) విడిగా కావాలి. డిప్లాయ్ సమయంలో పాత వర్కర్లూ కొత్తవీ కలిసి కనెక్షన్లు రెట్టింపవుతాయి. మాక్స్‌రిట్రైస్‌పర్‌రిక్వెస్ట్ (ఒక కమాండ్‌ని ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో చెప్పేది) వర్కర్‌కి నల్, అంటే పరిమితి లేకుండా, ఉండాల్సిందే. జాబ్‌లు చేర్చే ఏపీఐ వైపు మాత్రం చిన్న అంకె పెట్టండి, లేదంటే రెడిస్ పడిపోయినప్పుడు యూజర్ రిక్వెస్టులు వేలాడుతూ ఉంటాయి.

ట్రయల్ దొరికితే మొదట ఇన్ఫో మెమరీ కొట్టి మాక్స్‌మెమరీ_పాలసీ లైన్ చూడండి. అక్కడ నోఎవిక్షన్ లేకపోతే, మార్చే వీలుందో లేదో రాతపూర్వకంగా అడిగాకే కార్డు బయటికి తీయండి.