ఇడ్లీకి నాలుగు స్టార్లు, గల్లాపెట్టెకి ఒకటి

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక టిఫిన్ సెంటర్. పేరు కావాలనే రాయట్లేదు.

ముందు టిఫిన్ సంగతి. ఇడ్లీ దూదిలా ఉంటుంది, పూరీలోకి ఇచ్చే బొంబాయి చట్నీ నీళ్లలా జారిపోకుండా చక్కగా పట్టి ఉంటుంది, గారెలు ఎప్పుడెళ్లినా వాయి దించిన వేడి మీదే దొరుకుతాయి. అందుకే ఆదివారం పొద్దున్న నిలబడి తినాల్సొచ్చినా వెళ్తాం.

మొన్న ఆదివారం కూడా అలాగే నిలబడి తింటున్నాను. పక్క టేబుల్లో అరవై దాటిన పెద్దాయన గారె నములుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు. దగ్గు లేదు, మాట లేదు, రెండు చేతులూ గొంతు మీదకి వెళ్లిపోయాయి, కళ్లలో నీళ్లు. వాళ్లావిడ "ఏవండీ, ఏవండీ" అంటూ నడినెత్తి మీద తడుతున్నారు. ఓనరు కౌంటర్లోంచి లేవలేదు. "ఏటీ కాదమ్మా, పొలమారింది, ఎవరో తలుచుకుంటున్నారు, నీళ్లు పట్టండి" అని, చేతిలో ఉన్న చిల్లర లెక్క పూర్తి చేసి కుర్రాడికి ఇచ్చి, తర్వాతి బిల్లు అందుకున్నాడు.

పొలమారితే దగ్గొస్తుంది కదా. దగ్గగలిగిన మనిషిని దగ్గనివ్వాలి, అంతే. దగ్గూ మాటా రెండూ రాట్లేదంటే గాలి ఆడట్లేదని, అప్పుడు నీళ్లు పట్టకూడదు, అలా నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఇదంతా ఇంటికెళ్లాక తెలుసుకున్నదే. ఆ టైముకి నేనూ ప్లేటు పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను, కాబట్టి తెలియనందుకు ఆయన్ని తప్పు పట్టను.

కాపాడింది పార్శిల్ కోసం వచ్చిన ఒక అమ్మాయి. "బాబాయ్, ముందుకి వంగండి" అని ఒక చేత్తో ఛాతీ దగ్గర పట్టుకుని, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా కొట్టింది. ఒకటి, రెండు, మూడు... నాలుగో దెబ్బకి గారె ముక్క సాంబారు గిన్నెలో పడింది. ఐదు దెబ్బలకీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలట, నర్సింగ్ చదువుతున్నానని చెప్పింది.

మధ్యలో "108కి చెయ్యండి" అని ఎవరో అరిస్తే ఓనరు ఏమన్నాడో తెలుసా? "మనకెందుకండీ, లేనిపోని కేసులు." 2005 నుంచి ఉంది మనకి 108! రోడ్డు మీద యాక్సిడెంట్ అయినవాళ్లకి సాయం చేసేవాళ్లని ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టమే సవరించారు, ఇక గొంతులో గారె ఇరుక్కున్న పెద్దాయన కోసం ఫోన్ చేస్తే ఏ కేసు పెడతారు బాబూ? నాకు కోపమొచ్చింది ఇక్కడే. కంగారుపడితే అర్థం చేసుకుంటాను, నేనూ పడ్డాను. ఆయన కంగారు కూడా పడలేదు. ఆ గల్లా సీటు ఎత్తు మీద ఉంటుంది, హాలంతా కనిపిస్తుంది, ఎవరు బిల్లు ఎగ్గొట్టి పోతారో మాత్రం భలే చూస్తాడు.

సర్వర్ కుర్రాళ్లని ఏమీ అనను, ఒకడు ఫ్యాన్ తిప్పాడు, ఇంకొకడు కుర్చీ తెచ్చాడు.

టిఫిన్‌కి నాలుగు, మనిషికి ఒకటి. కాసేపటికి పెద్దాయన తేరుకుని లేచారు, వాళ్లావిడ కౌంటర్ దగ్గరికెళ్లి పర్సు తీశారు. ఆ గారె డబ్బులు కూడా లెక్కపెట్టి తీసుకున్నాడు.