301 రీడైరెక్ట్: ఏళ్లుగా వాడుతున్నాక నా అభిప్రాయం

హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్; ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నది, లేనిది. ఇలా ఒకే సైట్ నాలుగు అడ్రస్‌లతో తెరుచుకుంటుంది. మనకి అన్నీ ఒకటే, గూగుల్ లెక్కలో మాత్రం వేర్వేరు. మూడింటిని 301తో, అంటే అడ్రస్ శాశ్వతంగా మారిందని సర్వర్ చెప్పే జవాబుతో, నాలుగోదానికి మళ్లించి కొన్నేళ్లుగా నా సైట్లు నడుపుతున్నాను.

దీనివల్ల ర్యాంకు అమాంతం పెరిగిపోదు. బయటివాళ్లు ఇచ్చే లింకులు తలో అడ్రస్‌కి చెదిరిపోకుండా ఒక్కచోట చేరతాయి, అంతే. ఆ మాత్రం చాలు నాకు. సైట్ యజమానులకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో నచ్చిన డొమైన్ ఎంచుకునే సెట్టింగ్‌ని 2019లోనే తీసేశారు. ఏది అసలు అడ్రసో పేజీలోనే చెప్పే కెనానికల్ ట్యాగ్ కూడా పెడతాను గానీ అది సూచన మాత్రమే. పైగా పాత లింకు నొక్కినవాళ్లు ఆ పాత అడ్రస్‌లోనే ఉండిపోతారు.

వాడుకలో బాగా విసిగించింది గొలుసు, అంటే ఒక రీడైరెక్ట్ వెనకే ఇంకోటి. హోస్టింగ్ ప్యానెల్‌లో ఒక రూల్ హెచ్‌టీటీపీఎస్‌కి తోస్తుంది, సర్వర్ రూల్స్ రాసుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో ఇంకో రూల్ డబ్ల్యూలు తగిలిస్తుంది. బ్రౌజర్‌లో చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. కర్ల్ అనే కమాండ్ టూల్‌తో హెడర్లు, అంటే సర్వర్ జవాబు పైన ఉండే వివరాలు, తీస్తే బండారం బయటపడుతుంది: మొదటి జవాబు 301, లొకేషన్ లైనులో హెచ్‌టీటీపీఎస్ వచ్చింది గానీ డబ్ల్యూలు లేవు. ఆ అడ్రస్ అడిగితే మళ్లీ 301. గూగుల్ కోసం పేజీలు చదివే గూగుల్‌బాట్ 10 గెంతుల దాకా ఓపిక పడుతుంది, సిగ్నల్ సరిగా లేని ఫోన్ పట్టుకున్న మనిషి పడడు. ప్యానెల్ రూల్ తీసేసి, రెండు పనులూ ఒకే రూల్‌లో పెట్టాక గెంతు ఒక్కటే మిగిలింది. ఆ ప్యానెల్ అడక్కుండానే 302 ఇవ్వడం ఇంకో చికాకు. అది తాత్కాలికమని అర్థం, సెర్చ్ ఇంజన్‌కి బలహీనమైన సంకేతం.

301కి మొండితనం ఎక్కువ. బ్రౌజర్లు దాన్ని దాచిపెట్టుకుంటాయి, రూల్ మార్చినా పాత దారినే పోతుంటాయి. అందుకే ముందు 302తో పరీక్షించి, అన్నీ కుదిరాకే 301 చేస్తాను. లోపలి పేజీలన్నీ హోమ్‌పేజీకి కాకుండా వాటి వాటి జోడీ పేజీలకే వెళ్తున్నాయో లేదో అప్పుడే తేలిపోతుంది.

డబ్ల్యూలు ఉంచాలా, తీసేయాలా అన్న చర్చ నాకు బొత్తిగా పట్టదు. సెర్చ్ పరంగా తేడా లేదు, ఏదో ఒకటి పట్టుకుంటే సరి.

వదిలేసిన అడ్రస్‌కి కూడా హెచ్‌టీటీపీఎస్ భద్రతా సర్టిఫికెట్ రెన్యూ అవుతోందా అన్నది మాత్రం చూసుకోవాలి. హెచ్‌టీటీపీఎస్‌లో సర్టిఫికెట్ తనిఖీ ముందు, రీడైరెక్ట్ తర్వాత. గడువు దాటిందంటే వచ్చినవాళ్లకి మన సైట్ కాదు, బ్రౌజర్ హెచ్చరిక కనిపిస్తుంది.