నాలుగేళ్లు వాడిన స్టూడెంట్ పెడల్ స్టీల్: ‘టుగెదర్ అగైన్’ సోలోకి ఎంతవరకు పనికొస్తుంది?

పెడల్ స్టీల్ అంటే కాళ్ల మీద అడ్డంగా నిలిపి, తీగల మీద బార్ (ఉక్కు కడ్డీ) జరుపుతూ, పెడళ్లతో, మోకాలి లీవర్లతో స్వరాలు మార్చే గిటార్. స్టూడెంట్ మోడల్ అంటే అందులో నేర్చుకునేవాళ్ల కోసం చేసే చవక రకం. తీర్పు ముందే చెప్పేస్తాను: పనికొస్తుంది. కానీ పెట్టెలోంచి తీసి కాళ్లు బిగించగానే కాదు. రెంచి పట్టుకుని చేంజర్ (పెడల్ తొక్కినప్పుడు తీగను లాగి స్వరం మార్చే భాగం) దగ్గర రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటేనే. ఇక్కడ మాట్లాడుతున్నది ఒకే నెక్, 10 తీగలు, ఇ9 శ్రుతి, 3 పెడళ్లు, 4 మోకాలి లీవర్లు ఉన్న రకం గురించి. ఎమ్మన్స్ వరస, అంటే ఎడమ నుంచి ఏ, బి, సి పెడళ్లు. ఈ తరగతి వాద్యాల్లో లోపలి అమరిక ఇంచుమించు ఒకటే కాబట్టి తయారీదారు పేరుతో పనిలేదు.

కొలబద్ద మాత్రం పేరున్నదే. అమెరికన్ కంట్రీ గాయకుడు బక్ ఓవెన్స్ ‘టుగెదర్ అగైన్’ 1964లో వచ్చింది. ‘మై హార్ట్ స్కిప్స్ ఎ బీట్’ రికార్డుకి రెండో వైపున వచ్చిన పాట ఇది, చివరికి రెండూ కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లాయి. మధ్యలో స్టీల్ వాయించింది టామ్ బ్రమ్లీ. స్టీల్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ వాయించి చూసుకుని తలపట్టుకునే సోలో అది. అందులో వేగం లేదు, కష్టమంతా అక్కడే. వేగంగా వాయించేటప్పుడు మూడు సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) అపశ్రుతి వినపడకముందే తర్వాతి స్వరం వచ్చేస్తుంది. ఇక్కడ ప్రతి స్వరం నిలబడి ఉంటుంది, తప్పు కూడా దానితోపాటే నిలబడి ఉంటుంది. అందుకే వాద్యం కొనేముందు పరీక్షించాలన్నా, కొన్నదాన్ని సరిచేసుకోవాలన్నా ఇలాంటి నెమ్మది సోలోని మించిన సాధనం లేదు.

మొదటి పరీక్ష ఇది. సి కీలో 8వ ఫ్రెట్ మీద బార్ పెట్టి 4, 5, 6 తీగలు మీటండి. సి, జి, ఇ వస్తాయి, అంటే సి మేజర్. బార్ కదపకుండా ఏ, బి పెడళ్లు కలిపి తొక్కితే 5వ తీగ జి నుంచి ఏ స్వరానికి, 6వ తీగ ఇ నుంచి ఎఫ్‌కి ఎక్కుతాయి, ఎఫ్ మేజర్ తయారవుతుంది. 4వ తీగ మీది సి ఎక్కడిదక్కడే ఉండాలి. కంట్రీ స్టీల్ అనగానే చెవికి తోచే ఆ ఏడుపు ధ్వనికి మూలం ఈ కదలికే. చవక వాద్యం బండారం బయటపడేది కూడా ఇక్కడే: కదలకూడని ఆ సి కదులుతుంది.

దీన్ని క్యాబినెట్ డ్రాప్ అంటారు. రెండు పెడళ్లు తొక్కితే తీగల లాగుడు పెరుగుతుంది, ఆ బలానికి చెక్క శరీరం, చేంజర్ ఇరుసు వెంట్రుకవాసి వంగుతాయి, మిగతా తీగలన్నీ వదులై కాస్త దిగుతాయి. ట్యూనర్ పెట్టి 4వ తీగ మీటి, మోగుతుండగానే ఏ, బి తొక్కి ముల్లు చూడండి. ఒకటి రెండు సెంట్లు దిగితే చాలా మంచి వాద్యం. నేను వాడినది మొదట్లో ఐదారు సెంట్లు దిగేది. ఎండ్ ప్లేట్ స్క్రూలు, నెక్ కింది స్క్రూలు, నాలుగు కాళ్ల మరలు గట్టిగా బిగించాక మూడుకి వచ్చింది, అంతకంటే తగ్గలేదు. ఖరీదైన వాటిలో ఈ దిగుడును సరిచేసే కాంపెన్సేటర్ రాడ్లు వేయించుకోవచ్చు. స్టూడెంట్ మోడల్లో వాటికి చోటే ఉండదు. మిగిలే ఉపాయాలు రెండు. 4, 8 తీగలను ఒకటి రెండు సెంట్లు పైకే శ్రుతి చేసుకోవడం ఒకటి. పెడల్ ఆగిన చోటే కాలు ఆపడం రెండోది. పెడల్ ఆగాక ఇంకా అదిమితే వంగేది చెక్కే, స్వరం పెరగదు.

అదే కదలికలో ఇంకో చిక్కు ఉంది. 5వ తీగ పూర్తి స్వరం ఎక్కాలి, 6వది అర స్వరం. రెండూ ఒకేసారి బయల్దేరి ఒకేసారి చేరితేనే ఆ ‘పిండినట్టుండే’ ధ్వని వస్తుంది. ఒకటి ముందు చేరితే తడబాటులా వినిపిస్తుంది. పెడల్ ఎంత లోతుకి వెళ్లాలన్నది బెల్‌క్రాంక్‌లో (పెడల్ తొక్కితే తిరిగే షాఫ్ట్‌కి బిగించి, చేంజర్ రాడ్‌ను లాగే చిన్న చేయి) రాడ్ ఏ రంధ్రంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది: షాఫ్ట్‌కి దూరపు రంధ్రమైతే పెడల్ కొద్దిగా కదిలితే చాలు కానీ గట్టిగా ఉంటుంది, దగ్గరి రంధ్రమైతే మెత్తగా ఉంటుంది కానీ లోతుకి తొక్కాలి. స్టూడెంట్ మోడళ్లలో బెల్‌క్రాంక్ రంధ్రాలు తక్కువ, కొన్నింటిలో ఒకటే. అలాంటప్పుడు పెడల్ రాడ్ పొడవు తిప్పి ఏ, బి ఎత్తులను కాస్త ఎక్కువ తక్కువ చేసుకుని సర్దుకోవాల్సిందే.

ఇక్కడో పిట్టకథ. పెడల్ స్టీల్ ధ్వనిని అమెరికా చెవికి ఎక్కించింది 1954 నాటి కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో బడ్ ఐజాక్స్. ఆయన ఒకే పెడల్‌తో రెండు స్వరాలనూ కలిపి ఎక్కించేవారు. దాన్ని రెండు పెడళ్లుగా విడదీసింది బడ్డీ ఎమ్మన్స్, పైన చెప్పిన వరసకి పేరు ఆయనదే. ఒకే పాదం రెండింటినీ కలిపి తొక్కడం, మడమ నేల మీద ఉంచి పాదాన్ని ఒరగదీసి ఒకదాన్ని మాత్రం వదలడం అక్కడి నుంచే మొదలైంది. చీలమండకి పని పెట్టింది ఆయనే.

ఇక శ్రుతి. వరస తప్పితే గంటసేపు తిప్పినా కుదరదు. ముందు ఒక్క పెడల్ గానీ లీవర్ గానీ ముట్టుకోకుండా ఖాళీ తీగలను హెడ్ దగ్గరి బిరడాలతో శ్రుతి చేయాలి: 1 నుంచి 10 వరకు ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. తర్వాత ఒక్కో పెడల్ తొక్కి పట్టుకుని కుడి చివరన ఉండే నైలాన్ నట్లు తిప్పాలి. కొత్తవాళ్లందరూ ఒకే తప్పు చేస్తారు: నట్ అతిగా బిగిస్తారు. అప్పుడు పెడల్ వదిలినా చేంజర్ ఫింగర్ (ఒక్కో తీగను లాగే లోహపు ముక్క) తన స్టాప్ మీద పూర్తిగా కూర్చోదు, ఖాళీ తీగ పైకి వెళ్తుంది, దాన్ని బిరడాతో దించుతారు, పెడల్ స్వరం దిగిపోతుంది, మళ్లీ నట్ బిగిస్తారు. ఈ గానుగ ఆగాలంటే ఖాళీ తీగ శ్రుతి ఇక మారడం ఆగేదాకా నట్ వదులు చేసి, అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టాలి. రాడ్‌కి పిసరంత వదులు ఎప్పుడూ ఉండాలి.

ట్యూనర్ సున్నా చూపించినా కొన్ని తీగలు బాగుండవు. తంబూర మీద అంతర గాంధారం విన్న చెవికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు: శుద్ధమైన మేజర్ మూడో స్వరం ట్యూనర్ లెక్క కన్నా 14 సెంట్లు కిందుంటుంది. ఏ, బి తొక్కినప్పుడు 5వ తీగ మీది సి షార్ప్ ఆ మూడో స్వరమే, కాబట్టి దించాలి. కానీ ఏ పెడల్‌తో ఎఫ్ లీవర్ (దాని సంగతి కింద చెప్తాను) కలిపితే అదే సి షార్ప్ ఆధార స్వరం అవుతుంది, అప్పుడు దించింది తేలిపోతుంది. అందుకే పూర్తిగా 14 దించకుండా ఎనిమిది పది దగ్గర ఆపితే రెండు చోట్లా చెవి ఒప్పుకుంటుంది. జి షార్ప్ తీగలకూ ఇదే లెక్క.

ఎఫ్ లీవర్ అంటే ఎడమ మోకాలిని ఎడమకి నెడితే 4, 8 తీగల ఇ స్వరాన్ని ఎఫ్ చేసేది. సోలోలో పైకి జారే చోట్లకి ప్రాణం ఇదే. 8వ ఫ్రెట్ సి మేజర్ నుంచి 11వ ఫ్రెట్‌కి బార్ జారుస్తూ, ఏ పెడల్ తొక్కుతూ, మోకాలు ఎడమకి నెట్టాలి. చేరేది మళ్లీ సి మేజరే, కాకపోతే పై స్వరం సి నుంచి ఇ దాకా వెళ్తుంది. మోకాలు ఒక్క క్షణం ఆలస్యమైతే 11వ ఫ్రెట్‌లో వినిపించేది సి మైనర్. సంతోషంగా ముగియాల్సిన చోట చావు మేళం. బార్ 10వ ఫ్రెట్ దాటేసరికి లీవర్ పూర్తిగా పడి ఉండాలని లెక్క పెట్టుకుని వారం రోజులు అదొక్కటే తిప్పితే కుదురుకుంటుంది. లీవర్‌కీ మోకాలికీ మధ్య ఒక వేలు పట్టేంత కన్నా ఎక్కువ ఖాళీ ఉండకూడదు. స్టూడెంట్ మోడల్లో లీవర్లను పక్కలకి జరిపే వీలు తక్కువ, అందుకని కుర్చీ ఎత్తే సర్దుకోవాలి. ఒక అంగుళం తేడా వచ్చినా మోకాలు పట్టు తప్పుతుంది.

ఇదే ఇ తీగలను అర స్వరం దించే లీవర్ కూడా ఉంటుంది. పెంచీ దించీ వాడే తీగ కాబట్టి తిరిగి రావడంలో మోసం చేస్తుంది. దించి వదిలాక ట్యూనర్ చూడండి, పెంచి వదిలాక చూడండి. రెండు అంకెలూ ఒకటే అయితే అదృష్టం. దించి వదిలాక ఇ కిందే ఉండిపోతే రిటర్న్ స్ప్రింగ్ బలహీనపడినట్టు, లేదా చేంజర్‌లో మురికి పేరుకున్నట్టు. ముందు కుట్టు మిషన్ నూనె ఒక్కో ఫింగర్ ఇరుసుకి ఒక్క చుక్క వేసి చూడండి. రెండేళ్లు దాటాక నా దాంట్లో 8వ తీగకి స్ప్రింగ్ మార్చాల్సి వచ్చింది.

సోలోలో సగం పని కుడి కాలిది. వాల్యూమ్ పెడల్‌ను సగంలో ఉంచి మీటాలి, స్వరం చచ్చిపోతున్నకొద్దీ మెల్లగా తొక్కుతూ పోవాలి. సున్నా నుంచి లేపితే వయొలిన్‌లా ఉంటుంది కానీ ఆ పాట ధ్వని కాదు. పెడల్‌లో మిగిలిన సగం స్వరవాక్యం చివరిదాకా రావాలి, మధ్యలోనే అయిపోతే స్వరం చప్పబడుతుంది. తొక్కిన పెడల్‌ను మళ్లీ సగానికి తేవడం తీగలను అరచేతి అంచుతో ఆపిన ఆ నిశ్శబ్దంలోనే జరగాలి. మోగుతుండగా వెనక్కి తెస్తే గొంతు నొక్కినట్టుంటుంది. పెడల్లో 500 కిలో ఓమ్ పాట్ (ధ్వని పెంచి తగ్గించే పొటెన్షియోమీటర్) ఉంటుంది, అది అరిగితే గరగర మొదలవుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, ఆపైన మార్చడమే.

తీగల విషయం మన దగ్గర కొనేవాళ్లకి ముఖ్యం. మామూలు ఇ9 సెట్ 0.013, 0.015, 0.011, 0.014, 0.017, 0.020, 0.026, 0.030, 0.034, 0.038 అంగుళాలు. ఎక్కువగా తెగేది 3వది, ఆ 0.011. బి పెడల్ తొక్కిన ప్రతిసారీ చేంజర్ ఫింగర్ మీద ఒకే చోట వంగి వంగి తెగుతుంది. తరచూ అక్కడే తెగుతుంటే ఫింగర్ మీద గాడి పడిందేమో వేలితో తడిమి చూసి, 1000 నంబరు ఎమెరీ కాగితంతో నున్నగా చేయాలి. పెడల్ స్టీల్ సెట్లు హైదరాబాద్, విజయవాడ దుకాణాల్లో వెతికే ఓపిక లేకపోతే మామూలు ఎలక్ట్రిక్ గిటార్ సెట్లు కొనండి (వాటి అంకెలు అంగుళంలో వేల వంతులు): 10-46 సెట్లో 13, 17, 26 దొరుకుతాయి, 11 నుంచి మొదలయ్యే సెట్లో 11, 14, 38. ఆరు తీగలకు లోటుండదు. సముద్రం పక్కన ఊళ్లలో వాయించాక ప్రతిసారీ పొడి గుడ్డతో తీగల పైనా కిందా తుడవకపోతే చుట్టిన తీగలు నెల తిరక్కుండా మసకబారతాయి.

బార్ గురించి ఒక్క మాట. 7/8 అంగుళం మందం ఉన్నది తీసుకోండి, వాద్యంతో ఉచితంగా ఇచ్చే తేలికది పక్కన పడేయండి. దాని బరువే తీగను మోగనిస్తుంది, చేతితో అదమకూడదు. ఫ్రెట్ గీత తీగల కిందుంటుంది కాబట్టి పక్క నుంచి చూస్తే గీత జరిగినట్టు కనిపిస్తుంది, తల నేరుగా బార్ పైకి తెచ్చి చూడాలి.

వాడినది కొంటున్నారా? అయితే ట్యూనర్ జేబులో వేసుకు వెళ్లండి. ఏ, బి తొక్కి 4వ తీగ దిగుడు చూడండి, ఇ తీగల తిరుగు రాక చూడండి, కాళ్ల మరలు పట్టి ఊపండి. దిగుడు ఎనిమిది సెంట్లు దాటితే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. రెండే లీవర్లున్న పాత మోడల్ అయితే అందులో ఎఫ్ లీవర్ ఉందో లేదో అడగండి. లేకపోతే ఈ సోలో దాని మీద రాదు.