కెంపు కొనేటప్పుడు ఏది మేలు: వేడి చేసిందా, గాజు నింపిందా, సింథటిక్‌దా?

షాపులో ట్రేలో పెట్టి చూపించే కెంపులన్నీ ఎర్రగానే మెరుస్తాయి. ధర దగ్గరకొచ్చేసరికి ఒకదానికీ ఇంకోదానికీ వంద రెట్లు తేడా ఉండొచ్చు. "ఇది జాతి కెంపేనా?" అని అడిగితే "నేలలోంచి తీసిందేనండీ" అంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ నేలలోంచి తీశాక దానికి ఏం చేశారన్నది అడిగితే తప్ప చెప్పరు. ధరంతా అక్కడే ఉంది.

కెంపు అంటే అల్యూమినియం ఆక్సైడ్. అందులో కొద్దిగా కలిసిన క్రోమియం వల్ల ఎరుపు వస్తుంది. గట్టిదనంలో మోస్ స్కేలు మీద 9, వజ్రం 10. అందుకే రోజూ పెట్టుకునే ఉంగరానికి కెంపు బాగా పనికొస్తుంది, పచ్చకంటే ఎంతో నయం. అయితే ఈ మాట రాయి మొత్తం కెంపే అయినప్పుడు మాత్రమే చెల్లుతుంది.

మార్కెట్లో దొరికే సహజ కెంపుల్లో ఎక్కువ భాగం వేడి చేసినవే. వెయ్యి డిగ్రీల సెల్సియస్ పైన కాలిస్తే లోపలి సన్నటి పొగలాంటి మసక తగ్గి రంగు తేటపడుతుంది. ఆ మార్పు శాశ్వతం కాబట్టి వ్యాపారంలో దీన్ని తప్పుగా చూడరు. 2009లో మొజాంబిక్‌లోని మాంటెప్యూజ్ గనులు బయటపడ్డాక ఇలాంటి మంచి రాళ్లు బాగా దొరుకుతున్నాయి. అసలు వేడే తగలని మేలురకం మొగోక్ (మయన్మార్) కెంపుల ధరలు మామూలు ఇళ్లవాళ్లకు అందేవి కావు. ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ల్యాబ్ రిపోర్టు లేకుండా నమ్మొద్దు.

అసలు జాగ్రత్తపడాల్సింది గాజు నింపిన వాటి దగ్గర. 2004 ప్రాంతం నుంచి ఇవి మార్కెట్‌ను ముంచెత్తాయి. నగకు పనికిరాని, పగుళ్లతో మసకబారిన రాళ్లలోకి సీసం కలిపిన గాజును కరిగించి పంపుతారు. ఆ గాజులోంచి కాంతి వెళ్లే తీరు కెంపులో వెళ్లే తీరుకు చాలా దగ్గరగా ఉంటుంది. అందువల్ల పగుళ్లు కంటికి ఆనవు, రాయి ఒక్కసారిగా తేటగా కనిపిస్తుంది. పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్ అనే చిన్న భూతద్దంతో, లైటు కింద రాయిని మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. పగుళ్ల వెంట నీలిరంగు తళుకులు వచ్చి పోతుంటాయి. వాటి పక్కనే చిన్న గాలి బుడగలు ఇరుక్కుని కనబడతాయి. మామూలు కెంపులో ఇవి ఉండవు.

కొన్నాక మొదలవుతుంది అసలు కష్టం. ఉంగరం బిగుతైందని సైజు మార్పించడానికి ఇస్తే, కంసాలి రాయి తీయకుండా టార్చ్ మంట పెడితే లోపలి గాజు పాడై రాయంతా గీతలు తేలుతుంది. పాలిష్‌కు ముందు నగను ముంచే ఆసిడ్ కూడా గాజును తినేస్తుంది. ఇంట్లో నిమ్మరసంతో తోమినా దెబ్బే. పైగా క్యారట్ లెక్కన తూకం వేసినప్పుడు లోపలి గాజుకు కూడా మనం డబ్బు కట్టినట్టే. ఉంగరానికి ఈ రాయిని నేను ఎవరికీ కొనమని చెప్పను. రవి (సూర్య) గ్రహానికి కెంపు పెట్టుకోవాలని జాతకం చూపించుకుని వచ్చేవాళ్లు పెద్ద రాయి కోసం చూస్తారు కాబట్టి, వాళ్ల చేతికి ఇదే ఎక్కువగా అంటగడతారు. అది చూస్తే బాధేస్తుంది.

సింథటిక్ కెంపును చాలామంది గాజు అనుకుంటారు. కాదు. 1902లో ఫ్రాన్స్‌కు చెందిన వెర్నాయ్ ప్రకటించిన పద్ధతిలో అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి దీన్ని పెంచుతారు. పదార్థం అదే, గట్టిదనం అదే. లూప్‌లో చూస్తే గ్రామఫోను రికార్డు మీది గాడుల్లాగా వంపు గీతలు ఉంటాయి, సహజ రాయిలో పెరుగుదల గీతలు తిన్నగా, కోణాలు తిరిగి ఉంటాయి. అమ్మమ్మల కాలం నాటి రాళ్ల కమ్మల్లో, అడ్డిగల్లో కూడా ఇవి చాలానే కనిపిస్తాయి, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తిరిగి అమ్మితే రాయికి పెద్దగా ఏమీ రాదు, అంతే.

కాబట్టి ఉంగరానికైతే సైజు తగ్గించుకుని, వేడి మాత్రమే చేసిన చిన్న సహజ కెంపు తీసుకోవడం మేలు. పదుల కొద్దీ రాళ్లు పొదిగే హారానికి, వంకీకి సింథటిక్ చాలు. డబ్బు బంగారంలోనే ఉంటుంది. గాజు నింపింది రంగు నచ్చి కొనాలనిపిస్తే, దెబ్బలు తగలని లాకెట్‌కో జుంకాలకో, అదీ ఆ సంగతి చెప్పి చవగ్గా ఇస్తేనే.

హాల్‌మార్క్, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ కోడ్ ఉన్నాయి కదా అని ధీమా పడొద్దు, అవి బంగారానికే. రాయికి జీఐఏ, ఐజీఐ, లేదా జైపూర్‌లోని ఐఐజీజే-ఆర్‌ఎల్‌సీ (పాత పేరు జెమ్ టెస్టింగ్ లేబరేటరీ) లాంటి రత్నాల ల్యాబ్ రిపోర్టు వేరుగా ఉండాలి. తూకంలో 5 క్యారట్లు ఒక గ్రాము. 30 గ్రాముల హారంలో రాళ్లు 4 గ్రాములుంటే బంగారం రేటు 26 గ్రాములకే కట్టాలి. బిల్లు మీద నెట్ వెయిట్‌తో (రాళ్లు పోను బంగారం బరువుతో) పాటు "సహజ కెంపు, వేడి చేసినది, గాజు నింపలేదు" అని రాయించుకోండి. రాయడానికి షాపువాళ్లు వెనకాడితే ఆ రాయి అక్కడే వదిలేసి రండి.