బరంపురం నుంచి రాయగడ దాకా ఇంటి కప్పు మరమ్మతు: ఎవరు ఎంత అడుగుతున్నారు, ఆ డబ్బుకు ఏం చేస్తున్నారు

ఇల్లు కారుతోందని చెబితే దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో మూడు రకాల వాళ్లు మెట్లెక్కి చూసిపోతారు. రంగుల కంపెనీ తరఫున వచ్చే కాంట్రాక్టరు, ఊళ్లోని తాపీమేస్త్రి, రేకుల పనిచేసే వెల్డింగు షాపు. ఈ ముగ్గురి పనినీ రేటునూ కలిపి చూస్తే మా తీర్పు ఇదీ: డాబా మీద నీటిని ఆపే పూత పనికి కంపెనీ కాంట్రాక్టరు నయం, అయితే ఎన్ని డ్రమ్ములు వాడతాడో కాగితం మీద రాయించుకోవాలి. పిట్టగోడ మూలలు, తూము, వాలు సరిచేయడంలో పాత తాపీమేస్త్రికి సాటి లేదు. వెల్డింగు షాపులు ఫ్రేము బాగానే కడతాయి, స్క్రూల దగ్గరే చేతులు దులిపేసుకుంటాయి.

ముందు పూత సంగతి. ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ మోసం జరిగేదీ అక్కడే.

ఒకే 1000 చదరపు అడుగుల డాబాకు ఒకరు అడుగుకు ₹18 అంటారు, ఇంకొకరు ₹45 అంటారు. ఇద్దరూ చూపించేది ఒకే కంపెనీ డబ్బా కావచ్చు. తేడా పూత మందంలో ఉంది. 1000 చ.అ. అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఆక్రిలిక్ పూతలో దాదాపు సగం నీరే, ఆరాక ఆ సగం ఎగిరిపోతుంది. ఆరిన పొర అర మిల్లీమీటరు ఉండాలంటే చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున 93 లీటర్లు, అంటే 20 లీటర్ల డ్రమ్ములు ఐదు కావాలి. ఒక మిల్లీమీటరు కావాలంటే తొమ్మిదికి పైనే. ఒక్క డ్రమ్ముతో 1000 అడుగులూ కొట్టేస్తే ఆరాక మిగిలేది మిల్లీమీటరులో పదో వంతు. అది రంగు పని చేస్తుంది తప్ప నీళ్లను ఆపదు, రెండో ఎండాకాలానికే పొరలు పొరలుగా లేస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. మంచి రకం పూత లీటరు ₹200–300 మధ్య ఉంటే 93 లీటర్లకు సుమారు ₹19,000–28,000. డాబా కడగడం, నాచు గీకడం, పగుళ్లు పూడ్చడం, మూడుసార్లు పూత కొట్టడం కలిపి కూలి అడుగుకు ₹12–18. పగుళ్ల పేస్టు, జాలీ గుడ్డకు ఇంకో ₹3,000–5,000. వెరసి ₹34,000 నుంచి ₹51,000. అందుకే పని సక్రమంగా చేసేవాడి రేటు ₹35–50 మధ్య తేలుతుంది. ₹18 చెప్పేవాడికి కూలి పోగా సరుకుకు మిగిలేది మహా అయితే ఆరు వేలే, ఒక్క డ్రమ్ము. అతను అబద్ధం చెప్పనక్కర్లేదు, మనం డ్రమ్ముల లెక్క అడగకపోతే చాలు. కొటేషనులో 'ఇన్ని లీటర్లు, సీలు విప్పని డ్రమ్ములు ఇంటి దగ్గర దించాలి, ఖాళీ డ్రమ్ములు పని అయ్యేదాకా ఇక్కడే ఉండాలి' అని ఒక్క వాక్యం రాయించుకోండి. కంపెనీ కాంట్రాక్టరు బిల్లు మీద 18 శాతం జీఎస్టీ వేస్తాడు, చెప్పిన రేటులో అది కలిసి ఉందో లేదో అప్పుడే అడగండి.

పని క్రమంలోనూ అశ్రద్ధ ఎక్కువ. మొదట తీగ బ్రష్షుతో గీకి, నాచు ఉన్నచోట బ్లీచింగు పొడి నీళ్లు పోసి రుద్ది, బాగా కడిగి ఆరనివ్వాలి. పగులును అలాగే రంగుతో మూయకూడదు. దాన్ని వి ఆకారంలో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము ఊది, సాగే సీలెంటు నింపాలి. స్లాబు పగటి ఎండకు వ్యాకోచిస్తుంది, రాత్రికి ముడుచుకుంటుంది. సిమెంటుతో పూడ్చిన పగులు ఆ కదలికకు మళ్లీ విచ్చుకుంటుంది. పల్చని మొదటి కోటు తర్వాత పగుళ్ల మీద, మూలల్లో ఫైబరు జాలీ పరిచి, తడి మీదే రెండో కోటుతో దాన్ని ముంచాలి. మూడో కోటు అడ్డంగా. మధ్యాహ్నం రెండింటికి కాలుతున్న స్లాబు మీద కొట్టేవాణ్ణి ఆపండి, పూత పట్టుకోకముందే పైన తోలు కట్టేస్తుంది.

స్లాబు లోపల తడి ఉందో లేదో చూడడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. మూడడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. తెల్లారి అడుగున నీటి చుక్కలు పడితే ఇంకా ఆరలేదు. ఆ తడి మీద పూత వేస్తే ఎండకు ఆవిరి పైకి తన్ని, అప్పడంలా బుడగలు లేస్తాయి. ఇటుక ముక్కల కోబా (స్లాబు మీద వాలు కోసం పరిచే పొర) వేసిన పాత డాబాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే కోబా వానాకాలమంతా తాగిన నీళ్లను నెలల తరబడి దాచుకుంటుంది.

అసలు నీరు ఎక్కడ దిగుతోందో చూడకుండానే డాబా మొత్తానికి కొటేషను ఇచ్చేవాళ్లే ఎక్కువమంది. కారే చోట్లు చాలా ఇళ్లలో ఇవే: పిట్టగోడా స్లాబూ కలిసే మూల, వాననీటి తూము మూతి, స్లాబును చీల్చుకుని వచ్చే పైపుల చుట్టూ, ట్యాంకు దిమ్మల కింద, డిష్ యాంటెనా కోసం కొట్టిన బోల్టులు. వీటిని సరిచేస్తే చాలా డాబాలకు పూర్తి పూత అవసరమే ఉండదు. ఇక్కడ తాపీమేస్త్రికి పూర్తి మార్కులు. మూల వెంబడి పాత పూతను గీకి, సిమెంటు పాలు పట్టించి, 1:3 మాలుతో (ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుక) రెండంగుళాల గుండ్రటి అంచు కట్టి, దాని మీద జాలీతో పూత పిట్టగోడ మీదికి అడుగు ఎత్తున ఎక్కిస్తే ఆ మూల ఏళ్ల తరబడి నిలుస్తుంది. మాలులో కలిపే వాటర్‌ప్రూఫు ద్రవం మోతాదు బస్తాకు 200 మిల్లీలీటర్లు అని చాలా డబ్బాల మీద రాసి ఉంటుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ బలమని కొందరు సగం డబ్బా వంపేస్తారు, మాలు బలహీనపడుతుంది. ద్రవం ఒక్కటే నీటిని ఆపదు. నీళ్లు తక్కువ పోసి కలిపి, వారం రోజులు తడిపితేనే మాలు గట్టిపడుతుంది.

ఒడిశా ప్రభుత్వం 2024లో నైపుణ్యం లేని పనికి కనీస వేతనం రోజుకు ₹450 చేసింది. తాపీమేస్త్రి బయట ₹800–1,000 అడుగుతాడు. ఒక మేస్త్రి, ఇద్దరు కలాసీలు (సాయం కూలీలు) నాలుగు రోజులు పనిచేస్తే కూలి ₹7,000–8,000, సరుకుతో కలిపి ₹12,000 లోపు మూలలూ తూములూ అయిపోతాయి. ఇదే పనిని కొటేషనులో 'అదనపు రిపేర్లు' అని విడిగా రాసి ₹20,000 అడిగేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోకండి.

కారుతున్న డాబా మీద మళ్లీ నాలుగంగుళాల కోబా వేద్దామని మేస్త్రి అంటే మాత్రం ఆగండి. దాని బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, 1000 అడుగుల డాబాకు 18 టన్నుల పైనే. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువులకు భారత ప్రమాణం) ప్రకారం లెక్కవేసే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలే. పాత కోబా తీయకుండా దానిమీద కొత్తది వేయడం స్లాబు నడుము విరిచే పని. వాలు కావాలంటే పాతది తవ్వించి, పది అడుగులకు అంగుళంపావు దిగేలా కొత్తగా వేయించాలి. అడుగుకు ₹100 పైమాటే, చెత్త ట్రాక్టరు కిరాయి విడిగా.

గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలి ఇళ్లలో ఇంకో జబ్బు, స్లాబు అడుగున పెచ్చులూడడం. ఇది పైపూతతో పోదు. లోపలి ఊచ తుప్పు పట్టి లావెక్కి కాంక్రీటును బయటికి తోసేస్తోంది. మెత్తబడ్డ కాంక్రీటంతా చెక్కి, ఊచ చుట్టూ వేలు దూరేంత ఖాళీ చేసి, తుప్పు తీగ బ్రష్షుతో తెల్లబడేదాకా గీకాలి. జింకు ప్రైమరు పూసి, లేటెక్సు కలిపిన సిమెంటు పాలు పట్టించి, అవి ఆరకముందే పాలిమరు మాలు పొరలు పొరలుగా నొక్కాలి. ఊచలోని ఇనుము నాలుగో వంతు తరిగిపోయి ఉంటే పక్కన కొత్త ఊచ జతచేయాలి. ఇలా చేసేవాళ్లు చదరపు అడుగుకు ₹250–500 అడుగుతున్నారు, అది ఎక్కువేం కాదు. ₹60కి చేస్తామనేవాళ్లు తుప్పు మీదే సిమెంటు మెత్తుతారు, ఏడాది తిరగకముందే పెద్ద పెచ్చు రాలి మంచం మీద పడుతుంది. పెచ్చులు వరసగా ఒకే ఊచ వెంబడి రాలుతుంటే ఏ మేస్త్రి మాటా నమ్మకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

రేకుల పనికి వద్దాం. ఈ జిల్లాల్లో రేకుల సంగతి చెబితే గాలి సంగతి చెప్పక తప్పదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు నుంచి వచ్చి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. విశాఖకూ భువనేశ్వర్‌కూ ఐఎస్ 875 చూపించే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు రేకును పైకి లాగే బలం 450 కిలోలకు చేరవచ్చు, చూరు దగ్గరా మూలల్లోనూ ఇంకా ఎక్కువ. రేకు సొంత బరువు పదిహేను కిలోలు కూడా ఉండదు. ఆరు స్క్రూలు కొట్టి వదిలేస్తే ఒక్కోదాని మీద 75 కిలోలు పడతాయి. సన్నటి గొట్టంలోంచి స్క్రూ ఊడి వస్తుంది, లేదా స్క్రూ తల చుట్టూ రేకు చిరిగిపోతుంది.

అందుకే షాపువాడి దగ్గర అడగాల్సినవి: రేకు మందం రంగు పొర కాకుండా ఎంత, అడ్డగొట్టాల గోడ మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉందా, స్క్రూకు రబ్బరు వాషరు ఉందా, చూరు వరసలో ప్రతి గాడికీ స్క్రూ కొడతారా, ఫ్రేమును గోడలోకి యాంకర్లతో దించుతారా లేక గోడమీద పెట్టి వెల్డింగు చేస్తారా. రబ్బరు నలిగి పక్కకు ఉబికేదాకా బిగిస్తే ఎండకు పగిలి అక్కడే నీరు దిగుతుంది.

0.50 మిల్లీమీటర్ల రంగు రేకు అడుగుకు ₹45–60, బిగింపు ₹12–20, ఇనుప ఫ్రేము పనితో కలిపి కిలో ₹85–110 అంటున్నారు. షాపువాడు లెక్కవేసేది రేకు పూర్తి వెడల్పు, మీరు చూసేది గది వైశాల్యం. అతుకులు, వాలు, చూరు బయటికి వచ్చే భాగం కలిస్తే 15 నుంచి 20 శాతం పెరుగుతుంది. 500 అడుగుల గదికి 600 అడుగుల రేకు బిల్లు వస్తే గాబరా పడనక్కర్లేదు, 700 వస్తే టేపు పట్టుకుని కొలవండి. పాత సిమెంటు రేకులు దించేటప్పుడు పగలగొట్టనివ్వకండి. నీళ్లు చల్లి, బోల్టు విప్పి, నిండుగా దించాలి, ఆ దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటి మీద కాలు పెట్టాలంటే పలక పరిచి దూలం మీదే నడవాలి.

పెంకుటిళ్లకు పనివాళ్లు దొరకడమే కష్టంగా ఉంది. బంగళా పెంకు 100 అడుగులకు 150 దాకా పడుతుంది. కోతులు గెంతి పగలగొట్టినవి మార్చడం చిన్న పనే, కానీ ఒక్కో ఫ్యాక్టరీ అచ్చు ఒక్కోలా ఉంటుంది, గాడి కలవదు. ఇంటి పెంకు ఒకటి సంచిలో వేసుకుని పాతపట్నంలోనో పార్వతీపురంలోనో పాత ఇళ్లు విప్పేచోట వెతకడం మేలు. వేలితో కొడితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే లోపల పగిలినట్టే. పెంకు నేయించేటప్పుడు కూలికి కక్కుర్తిపడి రీపర్లు (పెంకు కింది సన్న చెక్కలు) చూడకుండా వదలకండి. చెద పట్టిన రీపరు వంగితే దాని మీది వరసంతా జారుతుంది.

పదేళ్ల వారంటీ అన్న మాటకు మేం ఒక్క మార్కు కూడా వేయం. చాలా వారంటీ కాగితాల్లో నీరు నిలిచే చోటు, స్లాబు పగుళ్లు మినహాయింపులో ఉంటాయి, కారేది అక్కడే. దానికి బదులు డబ్బులో ఐదో వంతు ఆపండి. పూత పూర్తిగా ఆరాక తూములు మూసి రెండంగుళాల నీళ్లు నింపి, 24 నుంచి 48 గంటలు ఉంచి, కింద సీలింగు చూడండి. 1000 అడుగులకు అది సుమారు 4,700 లీటర్లు, అంటే నాలుగున్నర టన్నుల పైన బరువు, కాబట్టి పెచ్చులూడుతున్న పాత స్లాబు మీద ఈ పరీక్ష చేయకూడదు, తూము చుట్టూ మట్టి గట్టు కట్టి కొంచెం కొంచెంగా చూడాలి.

పని పెట్టుకునే కాలం సంక్రాంతి తర్వాత నుంచి వైశాఖం దాకా. రోహిణి కార్తె వచ్చేసరికి అందరికీ ఒకేసారి డాబా గుర్తొస్తుంది, రేటు పెరుగుతుంది. జూన్ మధ్యలో రజో పండగకు ఒడియా మేస్త్రులు మూడు నాలుగు రోజులు పనిలోకి రారు, ఆ లోపల మృగశిర వానలు పడితే సగం కొట్టిన పూత కొట్టుకుపోతుంది. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ తేదీలు చూసుకుని, ఆఖరి కోటు మే 20 లోపు పడేలా కాగితం మీద రాయించుకోండి.